గుమ్మడికాయంత అక్షరం

ఆ ఊరి బడిలో బోర్డు మీద నాలుగు వరుసలకి మించి పట్టేవి కావు. బోర్డు చిన్నదని కాదు, టీచరమ్మ అక్షరం పెద్దది. ఒక్కోటి గుమ్మడికాయంత ఉండేది. నాలుగో వరుస పూర్తయ్యేసరికి పైనున్నది తుడవాలి, తుడిచి మళ్ళీ రాయాలి. సాయంత్రానికి ఆవిడ జుట్టు మీదా, కొంగు మీదా, ఆఖరికి ముక్కు మీదా సుద్దపొడే. "టీచరమ్మ పిండిమరలోంచి వస్తోందర్రా" అని దారినపోయేవాళ్ళు నవ్వుకునేవారు. ఊళ్ళో ఆవిడకి గుమ్మడికాయ టీచరమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ చెయ్యి తండ్రి నుంచి వచ్చింది. ఆయన కొట్లకి బోర్డులు రాసి బతికినవాడు. నిచ్చెన కింద కూతుర్ని నిలబెట్టి రంగు డబ్బా పట్టుకోమనేవాడు. "అక్షరమంటే పరుగెత్తే బస్సులో కూర్చున్నవాడికి కూడా అందాలమ్మా. కాస్త దగ్గరికొచ్చి చదువుకోండి బాబూ అని బతిమాలుకునే అక్షరం అక్షరమే కాదు" అనేవాడు. ఆ మాట పిల్ల బుర్రలో అలాగే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన రోజున ఆ రాత చూసి పెద్దమాస్టారు గుండెలు బాదుకున్నాడు.

"ఇదేం రాతమ్మా తల్లీ! ఏడాదికి ఇచ్చే సుద్ద వానాకాలం వెళ్ళేలోపే అయిపోతుంది."

"అయిపోతే బొగ్గుతో గోడ మీద రాస్తాలెండి" అంది ఆవిడ. ఆ తర్వాత పెద్దమాస్టారు సుద్ద ఊసెత్తలేదు.

రాసింది రాసినట్టు ఊరుకునే మనిషీ కాదు. ప్రతి ముక్కా పైకి చదివేది, పిల్లలచేత తిరిగి చదివించేది. గోడ అవతల పెద్దమాస్టారు తన పాఠం తనకే వినబడక, చివరికి తన తరగతి పిల్లలచేత కూడా ఆవిడ పాఠమే వల్లె వేయించేవాడు. ఎవరేమనుకున్నా, ఆ గదిలో వెనకబడిన పిల్ల అంటూ ఉండేది కాదు. ఎక్కాలు రాని పిల్లవాణ్ణి చూపిస్తే చెవి కోసిస్తానని ఆవిడ పంతం. ఆ చెవి ఎప్పుడూ భద్రంగానే ఉంది.

ఏడాదికోసారి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చేది. గడప మీద నిలబడి, "అందరికీ బోర్డు కనబడుతోందా?" అని అడిగేది. "కనబడుతోందీ!" అని పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవారు. నర్సు చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోయేది. టీచరమ్మ మొహం వెలిగిపోయేది. "టౌన్లో చూడండి, పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా సోడాబుడ్డి కళ్ళజోళ్ళు. మా పిల్లలకి ఆ ఖర్మ లేదు. పొద్దస్తమానం ఎండలో తిరుగుతారు, దూరాలు చూస్తారు" అని దొరికినవాళ్ళకల్లా చెప్పేది. ఆ మాటలో నిజం లేకపోలేదు, ఆరుబయట ఆడుకునే పిల్లలకి ఆ బాధ తక్కువేనంటారు. తక్కువంటే అసలు లేదని కాదు కదా! సరిగ్గా ఆ తేడా దగ్గరే మనవాళ్ళంతా బోల్తా పడతారు.

ఇంక టపాకాయ సంగతి చెప్పాలి. పాలమ్మే ఆవిడ కూతురు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు పేలుస్తుందని బడిలో ఆ పేరు పెట్టారు. అయిదేళ్ళూ టీచరమ్మ దగ్గరే చదివింది. లెక్క బోర్డు మీద పూర్తయ్యేలోపే చెప్పేసి, మిగిలినవాళ్ళ చేత తిట్లు తినేది. "నోరు మూసుకోవే, వాళ్ళకీ కాస్త మిగల్చు" అని టీచరమ్మ పైకి కసిరినా, ఇంటికెళ్ళి ఆ పిల్ల మాటలే తలుచుకుని నవ్వుకునేది. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయి, పిల్లలు లేని ఆవిడకి ఇలాంటి పిల్లలే దిక్కు.

తల్లి కూడా టీచరమ్మ దగ్గర చదివినదే, ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పట్లో ఆమె కూడా చురుకైనదే. టౌను బడికి వెళ్ళి, ఏడాది తిరక్కుండా మానేసింది. ఇప్పుడు నాలుగు గేదెలు, ఇంటింటికీ పాలు. ఊళ్ళో ఆమెకి పొగరని పేరు. ఎదురుగా వచ్చి పలకరిస్తే తప్ప, వీధి అవతలి నుంచి ఎవరు నవ్వినా తిరిగి నవ్వదు. "పాలమ్ముకునేదానికి ఇంత బింకమా, కళ్ళు నెత్తికెక్కాయి" అని ఆడవాళ్ళు మూతులు తిప్పేవారు. ఆమె తన దారిన తాను పోయేది.

టపాకాయ ఆరో తరగతిలోకి వచ్చి, టౌను బడికి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే పాలావిడ గుమ్మంలో పాలు పోసి, వెళ్ళకుండా నిలబడింది.

"ఏమే, ఏమిటి సంగతి?" అంది టీచరమ్మ.

"పిల్లని బడి మానిపిస్తున్నా టీచర్. మీకు చెప్పకుండా చేస్తే బాగుండదని."

"మానిపిస్తావా? నీకేమైనా మతి పోయిందా?"

"నాకు కాదు, దానికే లేదట. లెక్కల మాస్టారు నన్ను పిలిపించి చెప్పారు. మొద్దట. నోట్సులో అన్నీ తప్పులేనట. మళ్ళీ అయిదులో కూర్చోబెట్టుకోమన్నారు."

"టపాకాయ మొద్దా? ఎవడే ఆ మాట అన్నది, వాడి నాలిక పడిపోనూ!"

పాలావిడ మొహంలో కోపం లేదు. ఉంటే టీచరమ్మకి తేలికగా ఉండేది. "నేనూ అంతేగా టీచర్. మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ నన్నూ చాకు అన్నారు. టౌనుకెళ్ళాక తెలిసింది నా బతుకేమిటో. రోజూ బెంచీ మీద నిలబెట్టేవారు. రోజూ నవ్వేవారు. మా రక్తంలోనే చదువు లేదు, అంతే. రేపో మాపో అది కూడా గేదెల దగ్గరికే వస్తుంది. ఆ అవమానమంతా తిని రావడమెందుకు? ఆ నవ్వులు అది వినకూడదు."

టీచరమ్మ ఎంత చెప్పినా ఆమె తల ఊపలేదు. చివరికి, "నెలాఖరు దాకా ఆగుతాను. ఆ తర్వాత మీరు అడ్డు రాకూడదు" అని క్యాను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే టీచరమ్మ పిల్లని బడికి పిలిపించింది. వెనక గోడకి ఆనించి నిలబెట్టి, బోర్డు మీద టౌను పుస్తకంలోని లెక్కే వేసింది. సుద్ద ఇంకా బోర్డు మీద ఉండగానే టపాకాయ పేలింది. మరోటి. అదీ అంతే. మూడోది కాస్త మెలిక ఉన్న లెక్క. పిల్ల ఒక్క క్షణం పైకి చూసి, జవాబు చెప్పి, "ఇది మాకింకా చెప్పలేదు టీచర్" అంది.

టీచరమ్మకి ఒళ్ళు మండింది. "మరి అక్కడేమైందే నీకు? నోరు పడిపోయిందా? టౌను చూసేసరికి ఒళ్ళు బరువెక్కిందా? మీ అమ్మ అంత కష్టపడి పంపిస్తుంటే సిగ్గు లేదూ?"

పిల్ల ఏడ్చేసింది. "అక్కడ నాకేమీ తెలీదు టీచర్. ఆ గదిలోకెళ్తే నా బుర్ర పనిచెయ్యదు. నిజం టీచర్, ఒట్టు."

వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లని చూస్తే ఆవిడకి దాని మీద కోపం దిగిపోయింది. అయితే తప్పు పిల్లది కాదు, ఆ టౌను మాస్టారిదే. పల్లె పిల్లలంటే వాళ్ళకి చులకన. వెళ్ళి తాడో పేడో తేల్చుకోవాలని ఆవిడ సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని, బస్సెక్కింది.

బస్సు ఆలస్యంగానే వెళ్ళింది. రోజూ అంతేనట. ఈ పిల్లలు గదిలోకి అడుగుపెట్టేసరికి ముందు బెంచీలన్నీ నిండిపోయి ఉంటాయి. పొడుగాటి గది, అటు చివర బోర్డు, ఇటు చివర తలుపు పక్కన ఒక బెంచీ. దాన్ని బస్సు బెంచీ అంటారు. పల్లెల నుంచి వచ్చే పిల్లలందరూ అక్కడే సర్దుకుంటారు. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. అలా అలవాటైపోయింది.

లెక్కల మాస్టారు ఆవిడ అనుకున్నంత దుర్మార్గుడేం కాదు. అదే చిక్కు. మర్యాదగా కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆయనకీ కళ్ళజోడు ఉంది. గదిలో చాలామంది టౌను పిల్లలకి కళ్ళజోళ్ళున్నాయి, ఒకటి రెండు దారంతో కట్టినవి కూడా.

"ఏం చెప్పను మేడమ్, మా టౌను పిల్లలకి కళ్ళే సమస్య. ఇరుకు ఇళ్ళు, ఎప్పుడూ మొహానికి పుస్తకమో ఫోనో. వీళ్ళకి ఏటా పరీక్ష చేయిస్తాం. మీ బస్సు బెంచీ వాళ్ళకి ఆ బెడద లేదు. ఎండలో పెరిగిన కళ్ళు, బంగారంలా ఉంటాయి. బుర్రలే కొంచెం..." అని ఆయన చేత్తో సైగ చేసి ఊరుకున్నాడు.

ఒంటికాలి మీద లేచి దులిపేద్దామని వచ్చిన మనిషి. కానీ మొదటి సగం ఆవిడ ఊరంతా చెప్పుకు తిరిగిన మాటే. సొంత మాట ఎదురొస్తే కాదనడానికి నోరు రాలేదు. "ఒక్క పీరియడ్ వెనకాల కూర్చుంటాను సార్, అనుమతిస్తే" అంది.

బస్సు బెంచీ చివర, టపాకాయ పక్కన ఇరుక్కుని కూర్చుంది. మాస్టారు బోర్డు మీద లెక్క రాయడం మొదలుపెట్టాడు. చీమలబారులా ఉంది రాత, కానీ పొందికగా ఉంది. టీచరమ్మవి గద్ద కళ్ళు. ఈ చివరి నుంచి ఆ చివరికి కామాతో సహా కనబడుతోంది. ఆయన మాట్లాడకుండా రాసుకుపోతున్నాడు. గదంతా రాసుకుంటోంది.

అప్పుడు బెంచీ వైపు చూసింది. నడవ పక్కన కూర్చున్న పిల్ల ఒక్కతే బోర్డు చూసి రాస్తోంది. దాని పక్కపిల్ల దాని నోట్సు చూసి రాస్తోంది. ఆ పక్కది దీన్ని చూసి. అలా ఒకళ్ళ మోచేతి కిందనుంచి ఇంకొకళ్ళు. ఆ వరుసలో ఆఖరుది టపాకాయ. అటు చివర బయలుదేరిన ఆరు, నాలుగు నోట్సులు దాటి ఇటు చేరేసరికి సున్నా అయింది. కూడిక గుర్తు ఎక్కడో దారిలోనే రాలిపోయింది. టపాకాయ ఆ తప్పు లెక్కని పట్టుకుని, నుదురు ముడేసుకుని, ఎంతకీ తెగక, పెన్సిల్ కొరుకుతోంది.

"పక్కదాన్ని చూస్తావేమే, బోర్డు చూసి రాయి" అని టీచరమ్మ గుసగుసగా అంది.

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "బోర్డు చూసి ఎవరు రాస్తారు టీచర్? అది ముందు బెంచీల వాళ్ళకి కదా. వాళ్ళు చూస్తారు, అక్కణ్ణుంచి మన దాకా వస్తుంది."

"అక్కడేం రాసుందో చెప్పు."

"తెల్లగా ఉంది."

"తెల్లగా ఏముందే?"

"సుద్ద" అంది పిల్ల.

పిల్ల వెటకారం చెయ్యడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతోంది. అంత దూరంలో ఉన్నది ఎవరికీ కనబడదని, కనబడకపోవడమే లోకరీతి అని ఆ పిల్ల నమ్మకం. పుట్టినప్పటి నుంచీ అంతే చూసినదానికి, అంతకు మించి ఉంటుందని ఎవరు చెబుతారు? తల నొప్పి అని లేదు, కళ్ళు మంటలని లేదు. ఉన్నదల్లా తను మొద్దునన్న దిగులు.

పీరియడ్ అయిపోయాక టీచరమ్మ మాస్టారికి రెండే ముక్కలు చెప్పింది. ఆయన నమ్మలేనట్టు పిల్లని పిలిచి, తన మొహం చూపించి, నాలుగడుగులు వెనక్కి జరిగి, వేళ్ళు చూపించాడు. ఇంకాస్త జరిగి మళ్ళీ చూపించాడు. ఆయన మొహం వాడిపోయింది. "నేనసలు అటువైపు ఆలోచించలేదు మేడమ్" అన్నాడు. ఆయన్ని అనడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.

అక్కడి నుంచి సరాసరి కంటి ఆసుపత్రికి. కళ్ళు పరీక్ష చేసే ఆయన వయసు మళ్ళినవాడు, నోటి దురుసు మనిషి. పిల్ల ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ, "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతూ పోయాడు. అద్దాలు మారేకొద్దీ ఆయన గొంతు పెరిగింది.

"దగ్గరచూపు మాత్రమే ఉంది, దూరం ఆనడం లేదు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదమ్మా. ఏళ్ళ తరబడి ఉన్నది. ఇన్నాళ్ళూ ఈ పిల్లకి చదువు చెప్పిన మహానుభావులెవరు? వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆవిడకి. తన గదిలో ఈ పిల్లకి ఏ లోటూ తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది? అంతంత అక్షరాలు రాసి, అవి చాలవన్నట్టు గొంతు చించుకుని పైకి చదివితే, గుడ్డివాళ్ళకి కూడా పాఠం వస్తుంది. కనబడేలా రాశానని మురిసిపోయింది. ఆ కనబడేలా రాయడమే పిల్ల కళ్ళ సంగతి ఎవరికీ కనబడకుండా చేసింది. చెడ్డ టీచరైతే మూడో తరగతిలోనే బయటపడేది.

కళ్ళజోడు కొన్ని రోజులకి వస్తుందన్నారు. తిరుగు బస్సులో టపాకాయ కిటికీ పక్కన కూర్చుని, చాలాసేపటికి అడిగింది. "మరి మీ బోర్డు నాకెందుకు కనబడేది టీచర్?"

"పెద్దగా రాశాను కదే, అందుకని."

"అయితే మీరే టౌనుకొచ్చి రాయొచ్చుగా."

టీచరమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పాలావిడ పాకలో గేదెకి గడ్డి వేస్తోంది. సంగతంతా విని, గడ్డిమోపు కింద పడేసి, చేతులు దులుపుకుంది. "కళ్ళజోడా? మా ఇంటా వంటా లేదు. అది సాకులు చెబితే మీరు నమ్మేశారా?"

"సాకు కాదే. దానికి బోర్డు కనబడటం లేదు. ఆసుపత్రిలో చూశారు."

"వెనక బెంచీ నుంచి ఎవరికి కనబడుతుంది టీచర్?" అంది పాలావిడ విసుగ్గా. "నాకూ కనబడేది కాదు. మేమంతా పక్కవాళ్ళని చూసి రాసుకునేవాళ్ళమే. అందరికీ అంతేగా! బుర్ర ఉన్నవాళ్ళు ఆ మాత్రంతోనే లాక్కొచ్చారు. నాకు లేదు, రాలేదు."

కూతురు పొద్దున బెంచీ మీద అన్న మాట, తల్లి ఇప్పుడు పాకలో అంటోంది. అంత వయసొచ్చినా, ఒక బిడ్డకి తల్లయినా, ఆమెకి ఈరోజుకీ తెలీదు. వీధి అవతల నవ్విన మనిషి మొహం కనబడదని, కనబడాలని తెలీదు. ఊరంతా ఆమెని పొగరుబోతంటే, నలుగురితో పాటు తనూ ఊఁ కొట్టింది. నీ కళ్ళదీ అదే సంగతని ఆమెతో చెప్పాలని నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "కళ్ళజోడు రానీ, అప్పుడు మాట్లాడుకుందాం" అని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు బడిలో ఆవిడ బోర్డు మీద చిన్నక్షరాలు రాసింది. చెప్పడానికి తేలికే. చెయ్యి వంగలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్నారా? రెండుసార్లు తుడిచి, సుద్దముక్కని విరిచి, మూడోసారికి టౌను మాస్టారి రాతంత చేసింది. పైకి చదవలేదు.

"ఎవరూ మాట్లాడకూడదు. ఎవరికి వాళ్ళు చూసి రాసుకోండి" అంది.

"గొంతు పోయిందా టీచర్?" అని ఒకడు జాలిగా అడిగాడు. "చెయ్యి నొప్పా టీచర్?" అంది ఇంకో పిల్ల. వాళ్ళ ఆదరం చూస్తే ఆవిడకి ఇంకా కష్టమనిపించింది. ఊరికే గోడకి ఆనుకుని, పిల్లలు ఎటు చూస్తున్నారో చూసింది. చాలామంది బోర్డు చూస్తున్నారు. కొందరు చూడటం లేదు. వడ్రంగి కొడుకు కళ్ళు చికిలించి, మెడ ముందుకి చాచాడు. ఒక పిల్ల హాయిగా పక్కదాని పుస్తకంలోకి వంగింది. ఇంకొకతె రాయడం మానేసి బొమ్మలు వేసుకుంటోంది. చూపు ఆననివాళ్ళలో ఇద్దరు ఆవిడ తరగతిలో అందరికన్నా ముందుండేవాళ్ళు. ఇంకొన్ని నెలల్లో వాళ్ళూ టౌను బస్సు ఎక్కుతారు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో తన చేతుల మీదుగా వెళ్ళిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఇక్కడ మెరిసి, టౌనుకెళ్ళి మసకబారి, తిరిగొచ్చినవాళ్ళు. బస్సులో టికెట్లు కొట్టేవాడు, ఇటుకల బట్టీలో పనిచేసేది, ఇంట్లో కుట్టుమిషను తొక్కుకునేది. "టౌను గాలి తగిలి చెడిపోయారు" అని ఒక్కొక్కరి గురించీ అనేసి చేతులు దులుపుకుంది. వాళ్ళందరికీ కళ్ళు బాగాలేవని కాదు. ఒకరికి నిజంగానే చదువు పట్టలేదేమో, ఇంకొకరికి ఇంట్లో కుదరలేదేమో. కానీ ఎవరి సంగతి ఏమిటో ఇప్పుడెవరు తేల్చగలరు? ఆ తేల్చలేకపోవడమే ఆవిడ గుండెని కోసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఆ మధ్యాహ్నమే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, నర్సుని బతిమాలి బడికి తీసుకొచ్చి, ఒక్కొక్క పిల్లనీ విడివిడిగా చూసేదాకా గదిలోంచి కదలనివ్వలేదు. అప్పటికి నెలాఖరు దగ్గర పడింది.

కళ్ళజోడు వచ్చిన సాయంత్రం టీచరమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని పాలావిడ ఇంటికి వెళ్ళింది. తల్లి పాలు పితికి, పాక గుమ్మంలో కూర్చుని ఉంది. వాకిలి ఈ చివర పిల్లని నిలబెట్టి, టీచరమ్మ తన చేత్తో కళ్ళజోడు పెట్టింది. టపాకాయ కాసేపు మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడకపోవడం వింతే. తర్వాత వాకిలి అవతలికి చూసి, "అమ్మా! నీకు తెల్లవెంట్రుకలొచ్చాయే!" అని అరిచింది.

"నీ మొహం, అక్కణ్ణుంచి వెంట్రుకలు కనబడతాయా?" అంటూ తల్లి లేచి వచ్చింది. "ఏదీ, ఇలా ఇవ్వు. ఏం మాయో చూస్తాను." కూతురి మొహం మీదనుంచి తీసి తను పెట్టుకుంది.

కూతురి అద్దాలే. తల్లి కళ్ళకి పూర్తిగా సరిపోకపోయినా, కొంత సరిపోయాయి. ఆమె కదలకుండా నిలబడింది. వాకిట్లోంచి వీధి, వీధి అవతల కిరాణా కొట్టు, కొట్టు ముందు సరుకుల కోసం నిలబడిన ఒక ఆడమనిషి.

"ఆ ఎర్రచీర మనిషి నన్ను చూసి నవ్వుతోందా?"

"నవ్వుతోందే" అంది టీచరమ్మ.

"ఇంత దూరం నుంచి అందరికీ ఇలాగే కనబడుతుందా?"

"అవును."

"టౌను బడిలో ముందు బెంచీ వాళ్ళకే కాదా? నా పక్కన కూర్చున్నదానికి కూడా?"

"దానికి కూడా."

పాలావిడ కళ్ళజోడుని రెండు చేతులా పట్టుకుంది. "అయితే నేను మొద్దును కాదన్నమాట."

"కాదే. ఎప్పుడూ కాదు."

పాలావిడ టీచరమ్మ మొహంలోకి చూసింది. "నన్ను టౌను బడి మానిపించమంటారా అని మా నాన్న మీ ఇంటికొచ్చి అడిగిన రోజు నేను గుమ్మం బయటే ఉన్నాను టీచర్. ఇంక దాన్ని హింసపెట్టకు, దానివల్ల కాదు అన్నారు మీరు. జాలిగానే అన్నారు. మీరు చెప్పారు కదా అని మా నాన్న మరుసటి రోజే మానిపించాడు."

"అన్నాను" అంది టీచరమ్మ. "నీ మంచికే అనుకుని అన్నాను. నీకు కనబడటం లేదని నాకు తెలియలేదు. తప్పయిపోయిందే, చాలా పెద్ద తప్పు." ఇంకేదో అనబోతే ఏడుపు అడ్డొచ్చింది.

పాలావిడ ఏడవలేదు. కళ్ళజోడు తీసి, అద్దాలకి మరక అంటకుండా చూసుకుంటూ, కూతురి చెవులకి జాగ్రత్తగా తగిలించింది. "రేపు బస్సు తప్పిపోకుండా వెళ్ళు. వెళ్ళి ముందు బెంచీలో కూర్చో. ఎవరైనా లేవమంటే మా అమ్మ వస్తుందని చెప్పు" అంది.

"నీకూ ఒకటి చేయిద్దామే. నేనే తీసుకెళ్తాను" అంది టీచరమ్మ.

"వస్తాను. ఇవాళ మాత్రం మీరు వెళ్ళిపోండి టీచర్." ఆమె మాటలో మర్యాద తగ్గలేదు, గొంతూ పెరగలేదు. "ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ ఒక్క పూటా మిమ్మల్ని తిట్టుకోనివ్వండి."

టీచరమ్మ తల ఊపి, చెప్పులు వేసుకుని, వీధిలోకి నడిచింది.